పొరుగువాని పునాది మన చేతిలోని అమానతు

 



ఇల్లు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. మన గృహాలను మనకు విశ్రాంతి నిలయాలుగా చేసినట్లు ఆయన నహ్ల్ సూరాలో గుర్తుచేశాడు. ఒక మధ్యతరగతి కుటుంబం ఇల్లు కట్టుకోవడమంటే మాటలు కాదు. ఎడారి దేశాల్లో ఏళ్ళ తరబడి చెమటోడ్చిన సంపాదన, ఇల్లాలి నగలు, తండ్రి అమ్మిన అరెకరం అన్నీ అందులో పోస్తేగాని గోడలు లేవవు. అందుకే పని మొదలయ్యే రోజున బంధువులను పిలుస్తాం, దువా చేయిస్తాం, బిస్మిల్లాహ్ అని గునపం వేస్తాం. అంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ గునపం మన స్థలంలో పడినా, దాని దెబ్బ ఎవరి ఇంటికి తగులుతున్నదో చూడటం మాత్రం చాలామంది మరచిపోతున్నారు.

మూడు ఊళ్ళు, మూడు ప్రశ్నలు

ధార్మిక ప్రసంగాల నిమిత్తం మేము తెనాలి, బాపట్ల, రేపల్లె మస్జిదులకు వెళుతూ ఉంటాము. ఈ మధ్య ఈ మూడు ఊళ్ళలోనూ ఒకే విషయం మీద మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు.

తెనాలిలో జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు ఆగి ఇలా అడిగారు. "మౌలానా, బజారులో ఉన్న మా పాత పెంకుటిల్లు తీసేసి మూడంతస్తులు కడుతున్నాను. కింద బండ్లు పెట్టుకోవడానికి సెల్లార్ తవ్విస్తున్నాను. పక్కింటాయన వచ్చి గోల చేస్తున్నాడు. స్థలం నాది, డబ్బు నాది. ఆయన ఇంటికి పునాది సరిగా లేకపోతే అది నా తప్పా?"

బాపట్లలో ఒక పెద్దావిడ మమ్మల్ని ఇంటికి పిలిపించారు. ఆమె వితంతువు. పక్క స్థలంలో సెల్లార్ కోసం లోతుగా తవ్వి, ఊరే నీటిని రేయింబవళ్ళు మోటారు పెట్టి తోడారట. నెల తిరిగేసరికి ఆమె ఇంటి గోడకు పైనుంచి కిందకు బీట పడింది. వంటగది తలుపు మూసుకోవడం లేదు. "కేసులూ అవీ నాకొద్దు బేటా. ఆయన ఐదు పూటలా మస్జిద్‌లో మొదటి వరుసలో నిలబడే మనిషి. మా అబ్బాయి ఆయన పక్కనే నిలబడి నమాజు చేస్తాడు. నేనేం చేయాలో చెప్పు" అన్నారు.

రేపల్లెలో అడిగినవాడు ఒక తాపీ మేస్త్రీ. "పక్కగోడకు ఆనించి తవ్వితే ప్రమాదమని నాకు తెలుసండీ. యజమానికి చెప్పాను. 'నీకెందుకు, కానివ్వు' అన్నాడు. నేను మానేస్తే ఇంకొకడు చేస్తాడు. నా కూలి నేను తీసుకుంటే ఆ పాపంలో నాకూ భాగం ఉంటుందా?" అన్నాడు.

ఈ ముగ్గురికీ జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ఇది ఆ ముగ్గురి సమస్య మాత్రమే కాదు. చిన్న పట్టణాల్లో స్థలాల ధరలు పెరిగి, మనుషులు పైకీ కిందకీ పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది ప్రతి వీధి సమస్య.

భూమి లోపల జరిగేదేమిటి?

ముందుగా విషయం అర్థం చేసుకుందాం. పాతకాలపు ఇళ్ళకు పునాది మూడు నాలుగు అడుగులకు మించి ఉండటం అరుదు. మట్టితోనో, సున్నంతోనో కట్టిన ఆ గోడలు తమ బరువును కింది నేల మీద వేసి నిలబడి ఉంటాయి. ఆ నేల ఒంటరిగా ఆ బరువును మోయలేదు. చుట్టుపక్కల నేల దాన్ని అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచుతుంది. అంటే మన పొరుగువాని ఇంటి కింది మట్టిని పట్టి నిలిపినదాంట్లో మన స్థలంలోని మట్టి కూడా ఉంది. ఆయన ఆ ఇంట్లో కాపురం పెట్టిన నాటి నుంచి మన నేల ఆయన ఇంటికి ఆసరాగా నిలిచి ఉంది. మనం పది పన్నెండు అడుగుల లోతున ఆ మట్టిని నిలువుగా కోసివేస్తే ఆ ఆసరా పోతుంది. పునాది కింది మట్టి ఖాళీ వైపుకు జారుతుంది.

మన ప్రాంతపు నేలలు ఇందుకు మరీ సున్నితమైనవి. తెనాలి చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా నల్లమట్టి. నీరు పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. బాపట్ల సముద్రపు దాపున ఉన్న ఇసుక నేల. అక్కడ ఊట నీటిని మోటారుతో తోడితే నీటితోపాటు సన్నని ఇసుక కూడా కొట్టుకువస్తుంది. ఆ ఇసుక వచ్చేది పక్కింటి పునాది కిందినుంచే. రేపల్లె కృష్ణానది చివరి భాగంలో ఉంది. అక్కడ కొద్ది లోతుకే నీరు పడుతుంది. కాలువలు పారే రోజుల్లో డెల్టా అంతటా భూమిలోని నీరు పైకి వస్తుంది. ఈ సంగతులు తెలిసి కూడా 'ఏమవుతుందిలే' అని పొక్లెయిన్ దించడం నిర్లక్ష్యం. తెలియకపోతే తెలిసినవారిని అడగకపోవడం కూడా నిర్లక్ష్యమే.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి దగ్గరి సిద్దీఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాదుల కోసం గోతులు తవ్వగా, ఇరుకు స్థలంలో కట్టిన ఒక బహుళ అంతస్తుల భవనం ఒకవైపుకు ఒరిగిపోయింది. లోపల ఉన్న కుటుంబాలు కట్టుబట్టలతో బయటకు పరుగెత్తాయి. చివరకు అధికారులు ఆ భవనాన్ని కూల్చివేయవలసి వచ్చింది. 2016లో మన గుంటూరు లక్ష్మీపురంలో సెల్లార్ కోసం తవ్విన లోతైన గుంతలో మట్టి విరిగిపడి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారు ఎవరి ఇంటి కోసమో తవ్వుతూ, తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళలేకపోయారు.

'నా స్థలం' అన్న మాట ఎంతవరకు?

ఇక తెనాలి సోదరుని ప్రశ్నకు వద్దాం. స్థలం నాది కదా అన్నారాయన. నిజమే. ఇస్లాం సొంత ఆస్తిని గౌరవిస్తుంది. ఇతరుల భూమిని జానెడు ఆక్రమించినా ప్రళయ దినాన ఏడు భూముల లోతు వరకూ అది అతని మెడకు హారంగా వేయబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి బుఖారి, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) మీదనే ఒక స్త్రీ భూమి కాజేశాడని అబద్ధపు ఆరోపణ చేసింది. ఆయన ఆ భూమిని ఆమెకే వదిలేసి, విషయాన్ని అల్లాహ్‌కు అప్పగించారు. తర్వాత ఆమె చూపు కోల్పోయి, అదే భూమిలో ఉన్న గోతిలో పడి మరణించిందని సహీహ్ ముస్లిం తెలుపుతోంది.

ఈ ఏడు భూముల హదీసు నుంచి ధర్మవేత్తలు మరో విషయం గ్రహించారు. భూమి ఎవరిదో దాని లోతు కూడా వారిదే. హిజ్రీ 852లో మరణించిన హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) బుఖారి వ్యాఖ్యానంలో ఈ మాటే రాశారు. భూమి యజమాని తన భూమిలో ఎంత లోతుకైనా తవ్వుకోవచ్చన్నారు. అయితే వెంటనే ఒక షరతు పెట్టారు. పక్కన ఉన్నవారికి హాని కలగనంతవరకే అన్నారు. హక్కు, దాని హద్దు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మనం ముందు సగం చదివి, వెనక సగం వదిలేస్తున్నాం.

'నా భాగంలో నేను తవ్వుకుంటున్నాను' అన్న మాట కొత్తది కాదు. దైవప్రవక్త (సఅసం) చెప్పిన ఓడ ఉపమానంలోనూ ఇదే మాట వినిపిస్తుంది. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ద్వారా బుఖారిలో వచ్చిన ఆ ఉపమానం సారాంశం ఇది. కొందరు చీట్లు వేసుకుని ఓడలో పై అంతస్తు, కింది అంతస్తు పంచుకున్నారు. కిందివారు నీళ్ళ కోసం పైకి రావలసి వచ్చేది. పైవారికి ఎందుకు శ్రమ ఇవ్వాలి, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. వారి ఉద్దేశం చెడ్డది కాదని గమనించండి. రంధ్రం చేయదలచింది కూడా వారి వాటాలోనే. అయినా వారిని అలా వదిలేస్తే అందరూ మునుగుతారు, చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు.

ఓడ చూడనివారు కరకట్టను తలచుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతాల లంక గ్రామాలు నీట మునిగాయి. కట్ట తెగితే ఏమవుతుందోనని దిగువన ఉన్నవారు నిద్రలేని రాత్రులు గడిపారు. ఆ రాత్రి ఎవరైనా 'కట్ట నా పొలం వెంట ఉంది, నా వైపు నేను కాస్త తవ్వుకుంటాను' అంటే ఊరు ఊరుకునేదా? పక్కింటి పునాదిని ఆనుకొని ఉన్న మన మట్టి కూడా అలాంటి కట్టే. మన దస్తావేజు ప్రకారం అది మనదే. ఆసరా మాత్రం ఇద్దరిదీ.

చట్టం చాలు అనుకునేవారికి

కొందరు ఇలా అంటారు: "ప్లాను ఉంది, అనుమతి ఉంది. కోర్టుకు వెళ్ళమనండి చూద్దాం." ఈ మాటను కాస్త వివరంగా చూడవలసి ఉంది.

మద్రసాలో హనఫీ ఫిఖహ్ చదివేటప్పుడు మేము బదాయిఉస్సనాయి గ్రంథంలో ఒక చర్చ చదివాము. దాన్ని రాసిన అల్లామా కాసానీ (రహ్మలై) హిజ్రీ 587లో, అంటే క్రీ.శ. 1191లో మరణించారు. ఆయన ఎత్తుకున్న సమస్య అచ్చంగా మన సమస్యే. ఒక వ్యక్తి తన స్థలంలో చేసిన పని వల్ల పొరుగువాని కట్టడం బలహీనపడి గోడ కూలిపోతే ఏమిటి? పూర్వపు హనఫీ నియమం ప్రకారం అతను తన సొంత ఆస్తిలోనే పని చేశాడు కాబట్టి న్యాయమూర్తి అతని చేత పరిహారం ఇప్పించడని ఆయన రాశారు. కాని అదే చోట, పొరుగువానికి బాధ కలిగించే పనిని మానుకోవడం ధర్మరీత్యా వాజిబ్ అని స్పష్టం చేశారు. అందుకు పొరుగువాని గురించిన హదీసునే ఆధారంగా చూపారు.

ఈ తేడాను మనసుకు పట్టించుకోండి. న్యాయస్థానం వదిలేసిన మనిషిని కూడా ధర్మం వదలదు. న్యాయమూర్తి చూసేది దస్తావేజును. అల్లాహ్ చూసేది మనసును, గోడను, ఆ గోడ కింద పడుకున్న పిల్లలను కూడా.

ఆ తర్వాతి కాలపు హనఫీ ముఫ్తీలు మనుషుల్లో దైవభీతి తగ్గడం చూసి, ధర్మరీత్యా ఉన్న ఈ నిషేధాన్ని న్యాయస్థానపు తీర్పుగా కూడా మార్చారు. పొరుగువానికి కలిగే హాని స్పష్టంగా, తీవ్రంగా ఉంటే యజమానిని ఆపవలసిందే అన్నారు. 1869-1876 మధ్య ఉస్మానీ ఖిలాఫత్‌లో హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా' న్యాయస్మృతి దీన్ని సూత్రాలుగా పొందుపరచింది. కట్టడాన్ని బలహీనపరచేదీ, కూలిపోయే స్థితికి తెచ్చేదీ, ఇంటిని నివాసానికి పనికిరాకుండా చేసేదీ తీవ్రమైన హాని అని అది నిర్వచించింది. అలాంటి హానిని తొలగించి తీరాలని చెప్పింది. వీటన్నిటికీ మూలం హాని కలిగించరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్న అర్థంలో ఇబ్నె మాజా, ముఅత్తా తదితర గ్రంథాల్లో వచ్చిన హదీసే.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, పక్క నేల నుంచి సహజంగా అందే ఆసరాను పొందడం ప్రతి భూయజమాని హక్కని గుర్తించింది. ఇల్లు కట్టాక పెరిగిన బరువుకు కూడా ఆ ఆసరాను 20 ఏళ్ళపాటు ఆటంకం లేకుండా, శాంతియుతంగా, హక్కుగా అనుభవిస్తే అది తిరుగులేనిదవుతుంది. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన ప్రాంతంలో ఈ చట్టం మొదటి నుంచీ అమల్లో ఉంది. సెల్లార్‌ను సరిహద్దు నుంచి లోపలికి జరిపి కట్టాలని మునిసిపల్ నిబంధనలు కూడా చెబుతాయి.

ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. పక్కింటికి పద్దెనిమిదేళ్ళే అయితే? 20 ఏళ్ళు నిండలేదని వకీలు గారు మనల్ని గెలిపించవచ్చు. ఆ గెలుపు గురించి దైవప్రవక్త (సఅసం) ఏమని హెచ్చరించారో వినండి. తాను కూడా మనిషినేనని, వాదనలో నేర్పరి అయిన వ్యక్తికి అనుకూలంగా తాను తీర్పు చెప్పవచ్చునని, అలా ఎవరికైనా సోదరుని హక్కులో కొంత ఇచ్చివేస్తే అది తాను కోసి ఇచ్చిన అగ్ని ఖండమేనని ఆయన అన్నట్లు బుఖారి, ముస్లింలలో ఉంది. సాక్షాత్తూ ప్రవక్త తీర్పే అక్రమాన్ని సక్రమం చేయకపోతే, మన ప్లాను మీద పడిన రబ్బరు ముద్ర చేస్తుందా?

విశ్వాసానికే ముడిపడిన విషయం

పొరుగువాని విషయంలో జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, చివరకు అతన్ని వారసునిగా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. మరొకసారి ఆయన మూడు సార్లు ప్రమాణం చేసి ఒక వ్యక్తి విశ్వాసి కాడన్నారు. ఎవరని సహచరులు అడిగితే, ఎవరి కీడు నుంచి అతని పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతనే అన్నారు. ఇక్కడ జరిగిన నష్టం గురించి మాత్రమే చెప్పలేదు. నిశ్చింత గురించి చెప్పారు. గోడ ఇంకా కూలలేదు. కాని ఆ బాపట్ల తల్లి వర్షం పడిన ప్రతి రాత్రీ మంచం ఆ గోడకు దూరంగా లాక్కుని పడుకుంటున్నది. ఆమె నిశ్చింత పోయింది. ఈ హదీసు మన మీదికి రావడానికి ఇల్లు కూలవలసిన పనిలేదు.

రాత్రంతా నమాజులు, పగలు ఉపవాసాలు, దానధర్మాలు చేసే ఒక స్త్రీ నోటితో పొరుగువారిని బాధిస్తుందని చెప్పగా, ఆమె నరకవాసి అని దైవప్రవక్త (సఅసం) అన్నట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. మాటతో బాధించినందుకే అంత మాట అన్నారు. మరి పొక్లెయిన్‌తో బాధించినవారి సంగతి ఏమిటి?

ఇక్కడ పొరుగువాడంటే ముస్లిం పొరుగువాడే కాదు. నిసా సూరాలో అల్లాహ్ బంధువైన పొరుగువానితోపాటు పరాయి పొరుగువానికి కూడా మేలు చేయమని ఆదేశించాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోస్తే, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని మళ్ళీ మళ్ళీ అడిగారు. మన ఊళ్ళలో మన గోడను ఆనుకొని హిందూ సోదరుడో, క్రైస్తవ సోదరుడో ఉంటారు. మన పుస్తకాలు వారు చదవకపోవచ్చు. వారు మన ధర్మాన్ని చదివేది మనం తవ్వే గోతిలోనే.

మేస్త్రీకి, గుత్తేదారుకు

రేపల్లె మేస్త్రీకి మేము చెప్పినది ఇది. సత్కార్యాల్లో సహకరించుకోండి, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోకండి అన్నది మాయిదా సూరాలోని దైవాదేశం. నువ్వు మానేస్తే ఇంకొకడు చేస్తాడన్నది నిజం కావచ్చు. అప్పుడు ఆ లెక్క అతనిది, నీది కాదు. అయితే ఒక్కసారిగా పని వదిలి వెళ్ళడమే దారి అని మేము అనలేదు. నీ చేతిలో విద్య ఉంది. ప్రమాదం లేకుండా ఎలా చేయవచ్చో యజమానికి చూపించు. ఎంత ఖర్చవుతుందో, చేయకపోతే ఎంత నష్టమో చెప్పు. గుంతలో దిగే కూలీ ప్రాణం గురించి చెప్పు. అప్పటికీ వినకపోతే ఆ పని నుంచి తప్పుకో. ఆహారమిచ్చేవాడు యజమాని కాదు, అల్లాహ్.

తవ్వదలచినవారు చేయవలసినవి

తెనాలి సోదరుడు ఇల్లు కట్టవద్దని మేము చెప్పలేదు. సెల్లార్ హరామ్ కాదు. పద్ధతి గురించే మాట.

మొదట, పని మొదలుపెట్టకముందే పొరుగింటి తలుపు తట్టండి. గోల చేయడానికి ఆయన రాకముందే సలాముతోనో, నమస్కారంతోనో మీరే వెళ్ళండి. ఏం కడుతున్నారో, ఎంత లోతుకు తవ్వుతున్నారో, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పండి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

రెండు, ఆయన పునాది ఎంత లోతున ఉందో ఇంజనీరు చేత చూపించండి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. తవ్వాలనుకున్నది మీరు కదా! ఆయన ఇంటి గోడలకు అప్పటికే ఉన్న బీటలను ఇద్దరి సమక్షంలో ఫోటోలు తీసి, కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేయండి. అప్పు వ్యవహారాన్ని రాసుకోమని బఖరా సూరా మనకు నేర్పింది. ఇలాంటి వ్యవహారానికీ ఆ క్రమశిక్షణ మేలు చేస్తుంది.

మూడు, సరిహద్దుకు ఆనించి తవ్వకండి, నిబంధన ప్రకారం లోపలికి జరగండి. బండి పెట్టుకునే చోటు కాస్త తగ్గుతుంది. పొరుగువాని గుండె బరువు కూడా తగ్గుతుంది.

నాలుగు, ఒకే రోజున మొత్తం గుంతను తెరవకండి. కొంత భాగం తవ్వి, అక్కడ మట్టిని ఆపే గోడ లేపి, ఆ తర్వాతే పక్క భాగం తవ్వాలి. మట్టి జారకుండా దాపులు పెట్టాలి. ఏ పద్ధతి ఎక్కడ పనికివస్తుందో నిర్ణయించేది ఇంజనీరు, పొక్లెయిన్ డ్రైవరు కాదు.

ఐదు, కాలం చూసుకోండి. కాలువలు కట్టేసిన వేసవిలో భూమిలో నీరు దిగుతుంది. వానలు పడి కాలువలు వదలకముందే గోడలు లేచేలా పని పెట్టుకోండి. గుంత తవ్వి, డబ్బు చాలక వానాకాలమంతా అలాగే వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం. డబ్బు సిద్ధంగా లేకపోతే గునపం వేయకండి.

ఆరు, పనిలో పక్కింట బీట కనిపించిన వెంటనే పని ఆపండి. 'అది ముందే ఉంది' అనకండి.

వీటన్నిటికీ ఖర్చవుతుంది. అంత ఖర్చు భరించలేకపోతే సెల్లార్ వదిలేయండి. సెల్లార్ లేని ఇంట్లో నమాజు చేస్తే లోటేమీ లేదు.

పొరుగువారికి కూడా ఒక మాట

హక్కు ఒకవైపే ఉండదు. పొరుగువాడు గోడలో కొయ్య దూర్చుకుంటానంటే అడ్డుపడవద్దని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు బుఖారి, ముస్లింలలో ఉంది. పక్కవాని ఇల్లు మనకంటే ఎత్తుకు లేస్తున్నదన్న అసూయతో అడ్డుపడటం పాపం. పదేళ్ళనాటి బీటను చూపి కొత్త గోడకు డబ్బు అడగడం అబద్ధపు సాక్ష్యం. సరిహద్దు దాటి అడుగు లోపలికి కట్టుకుని, ఇప్పుడు కొలతలు వేయనివ్వకపోవడం ఆక్రమణ. వీటికీ ఆ ఏడు భూముల హెచ్చరిక వర్తిస్తుంది.

పొరుగువారి మధ్య ఉండవలసిన ఔదార్యం ఎలాంటిదో హజ్రత్ అబూ రాఫె (రజి) చూపారు. తన ఇంటి గదులకు ఇతరులు 500 దీనార్లు ఇస్తామన్నా, పొరుగువానికి ఎక్కువ హక్కు ఉందన్న ప్రవక్త మాటను గుర్తుచేసుకుని, వాటిని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు అంతకంటే తక్కువ ధరకు, అదీ వాయిదాల మీద ఇచ్చివేశారు.

జరిగిపోయిన నష్టం

ఇక బాపట్ల తల్లి విషయం. ఆ రోజు మేము ఆమెతో సహనం వహించమ్మా అని చెప్పి, దువా చేసి వచ్చేశాము. దారిలో మా మనసు మమ్మల్నే నిలదీసింది. హాని పొందినవారికి సహనం బోధించి, హాని చేసినవారికి ఏమీ బోధించకపోతే అది సగం ధర్మమే. ఆ ఓడలో చేయి పట్టుకుని ఆపవలసినవారు పై అంతస్తులో కూర్చుని కిందివారికి ఓర్పు గురించి ప్రసంగించినట్లు ఉంటుంది.

మరుసటి వారం మేము మస్జిద్ పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని ఆ ఇల్లు కడుతున్న సోదరుని దగ్గరకు వెళ్ళాము. ఆయన్ను నిందించలేదు. "మాతో ఒక్కసారి పక్కింటికి రండి" అన్నాము. ఎన్నో ఏళ్ళుగా పొరుగున ఉన్నా ఆయన ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారట. మూసుకోని తలుపు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. రెండుసార్లు తలుపు నెట్టి చూశారు. మర్నాడే గోడకు దాపులు పెట్టించి, ఇంజనీరును పిలిపించారు. మరమ్మతు ఖర్చు తానే భరిస్తానన్నారు. అల్‌హందులిల్లాహ్! కాని ఆమె నిద్రలేకుండా గడిపిన రాత్రులకు వెల ఎవరు కడతారు? అందుకు ఆయన ఆమెను క్షమాపణ కూడా అడిగారు.

ఇలాంటి తప్పు జరిగినవారు గుర్తుంచుకోండి. అల్లాహ్ హక్కులో లోపానికి పశ్చాత్తాపం చాలు. దాసుల హక్కు మాత్రం తిరిగి చెల్లించాలి, లేదా హక్కుదారు మనస్ఫూర్తిగా క్షమించాలి. మొహమాటానికో, భయానికో అన్న 'పోనీలెండి' క్షమాపణ కాదు. నమాజులు, ఉపవాసాలు, జకాతు మూటగట్టుకుని ప్రళయ దినాన వచ్చినవాడు, ఇతరులకు చేసిన అన్యాయాలకు బదులుగా ఆ పుణ్యాలన్నీ పంచిపెట్టి, చివరకు వారి పాపాలు తన మీద వేసుకుని నరకానికి పోతాడని, అసలైన దివాలాకోరు అతనేనని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. మొదటి వరుసలో చేసిన నమాజులు పక్కింటి బీటలోంచి కారిపోకుండా చూసుకోండి.

కట్టడానికి పునాది తఖ్వా

మదీనాలో కపటులు ఒక మస్జిద్ కట్టారు. చూడటానికి అది ఆరాధనా గృహమే. కాని దాని ఉద్దేశం విశ్వాసులకు హాని చేయడం. హిజ్రీ 9లో తబూక్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (సఅసం) దాన్ని నేలమట్టం చేయించారు. హాని అన్న అర్థంలో దానికి 'జిరార్' అన్న పేరు నిలిచిపోయింది. హాని చేయరాదన్న హదీసులోని మాటా ఇదే. ఆ సందర్భంగానే తౌబా సూరాలో అల్లాహ్ రెండు కట్టడాలను పోల్చి చూపాడు. ఒకటి దైవభీతి పునాదిగా లేచినది. రెండోది కోతకు గురై విరిగిపడబోయే గట్టు అంచున లేచి, కట్టినవానితో సహా నరకాగ్నిలో కూలినది. విరిగిపడే గట్టు అంటే ఏమిటో కృష్ణ ఒడ్డున ఉన్న మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ కపటుల ఉద్దేశం వేరు, మన నిర్లక్ష్యం వేరు. కాని మస్జిద్ అన్న పేరే ఆ కట్టడాన్ని కాపాడలేకపోయినప్పుడు, గుమ్మం మీద చెక్కించిన 'మాషా అల్లాహ్' మన ఇంటిని కాపాడుతుందా?

సోదరులారా! ఇంటి పునాది ఎంత లోతున ఉండాలో ఇంజనీరు చెబుతాడు. అది ఎవరి హక్కు మీద నిలబడకూడదో ధర్మం చెబుతుంది. రెండూ విని కట్టుకున్న ఇంట్లోనే మనం ప్రశాంతంగా నిద్రపోగలం, పక్కింటివారూ నిద్రపోతారు.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను మాకు విశ్రాంతి నిలయాలుగా చెయ్యి. మా వల్ల మా పొరుగువారి నిద్ర చెడకుండా కాపాడు. తెలిసీ తెలియక మేము చేసిన హానిని ఈ లోకంలోనే సరిదిద్దుకునే సద్బుద్ధిని, శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.